ఎసట్లో పోసే ముందే రాళ్ళు ఏరాలి

2017వ సంవత్సరం, ఫిబ్రవరి 28వ తేదీ. అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో అమెజాన్ కంపెనీకి పెద్ద పెద్ద కంప్యూటర్ల కేంద్రాలు ఉన్నాయి. ఎన్నో కంపెనీలు తమ ఫైళ్ళనూ, బొమ్మలనూ, లెక్కలనూ అద్దె చెల్లించి అక్కడ దాచుకుంటాయి. ఈ దాచిపెట్టే సేవకు ఎస్-3 అని పేరు. ఆ రోజు బిల్లులు తయారుచేసే భాగం నెమ్మదిగా నడుస్తోంది. ఎందుకో చూద్దామని ఒక ఉద్యోగి కొద్దిపాటి కంప్యూటర్లను పని నుంచి తప్పించాలనుకున్నారు. అందుకు ఒక ఆజ్ఞ ఉంది. దాన్ని టైపు చేశారు. కాని ఆజ్ఞతోపాటు ఇవ్వవలసిన వివరాల్లో ఒకటి తప్పుగా పడింది!

అనుకున్నవాటికంటే ఎక్కువ కంప్యూటర్లు పని మానేశాయి. వాటిమీద ఆధారపడిన ముఖ్యమైన భాగాలు రెండు కూలబడ్డాయి. వాటిని మళ్ళీ మొదటి నుంచి లేవదీసేసరికి నాలుగు గంటలకు పైగా పట్టింది. ఈలోగా కోరా, ట్రెల్లో వంటి వెబ్‌సైట్లెన్నో తడబడ్డాయి. విచిత్రం ఏమిటంటే, “మా సేవలు ఎలా నడుస్తున్నాయి” అని జనానికి తెలియజెప్పే అమెజాన్ వారి పట్టిక కూడా ఎస్-3 మీదే ఆధారపడి ఉంది. అందుచేత సేవ దెబ్బతిన్న సంగతిని ఆ పట్టికలో మార్చడానికి కూడా కొంతసేపు వీలు కాలేదు.

ఇంత జరిగినా కంప్యూటరు మొరాయించలేదు. తనకు చెప్పిన పనిని చెప్పినట్టే చేసింది. వచ్చిన చిక్కల్లా అదే. చెప్పినదానికీ, చెప్పాలనుకున్నదానికీ తేడా ఉన్నదని దానికి తెలిసే మార్గం లేదు. ఆ మార్గం ఏర్పాటు చేయవలసింది ప్రోగ్రాము రాసేవారే. అదెలాగో ఈ వ్యాసంలో చూద్దాం.

కమాండ్ లైను అంటే ఏమిటి?

మీరు కంప్యూటరును గాని, సెల్‌ఫోనును గాని వాడేటప్పుడు తెరమీది బొమ్మలను తాకుతారు, లేదా మౌసుతో నొక్కుతారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. నల్లని తెరమీద ఒక వాక్యంలాగా ఆజ్ఞను టైపు చేసి ఎంటర్ మీట నొక్కడం. ఆ వాక్యమే కమాండ్ లైను.

ఆ వాక్యంలో మొదటి మాట ఏ ప్రోగ్రాము నడవాలో చెబుతుంది. తరవాతి మాటలు దేనిమీద నడవాలో, ఎలా నడవాలో చెబుతాయి. ఈ తరవాతి మాటలనే ఆర్గ్యుమెంట్లు అంటారు. మామూలు ఇంగ్లీషులో ఈ మాటకు వాదన అని అర్థం. ఇక్కడ వాదనా లేదు, పేచీ లేదు. లెక్కల శాస్త్రంలో ఒక సూత్రానికి మనం అందించే విలువను ఆర్గ్యుమెంటు అంటారు. కంప్యూటరు వారు ఆ మాటను అక్కడి నుంచే తెచ్చుకున్నారు. “మూడు దోసెలు, ఒకటి ఉల్లిపాయ లేకుండా” అని హోటల్లో చెబుతాం గదా! దోసె వెయ్యడం ఆజ్ఞ అయితే, మూడు అన్నదీ, ఉల్లిపాయ లేకుండా అన్నదీ ఆర్గ్యుమెంట్లన్నమాట.

ఇది టెలిటైపు కాలంనాటి అలవాటు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ అనే వ్యవస్థను రూపొందించడం ప్రారంభించారు. అప్పట్లో కంప్యూటరుతో మాట్లాడాలంటే టెలిటైపు యంత్రమే గతి. ఆనాడు బాగా వాడుకలో ఉన్న మోడల్ 33 టెలిటైపు సెకనుకు 10 అక్షరాలు మాత్రమే అచ్చు కొట్టేది. అంత నెమ్మదైన యంత్రంమీద పొడుగాటి ఆజ్ఞలు ఎవరు కొడతారు? అందుకే యూనిక్స్ ఆజ్ఞలు పొట్టివి. ఫైలుకు నకలు తీయడానికి సీపీ, పేరు మార్చడానికి ఎమ్‌వీ, చెరిపెయ్యడానికి ఆర్‌ఎమ్. రెండేసి అక్షరాలతో సరి! టెలిటైపులు పోయాయి గాని ఈ ఆజ్ఞలు ఇప్పటికీ ఉన్నాయి.

మన ఉదాహరణ

నెదర్లాండ్స్ దేశస్థుడైన గీడో వాన్ రోసమ్ తయారుచేసిన పైథాన్ అనే కంప్యూటరు భాష 1991లో వెలువడింది. బళ్ళలో నేర్పడానికి అనువైనదని దానికి పేరుంది. మనం ఆ భాషలో ఒక చిన్న ప్రోగ్రాము రాశామనుకోండి. దాని పని పరీక్షలో వచ్చిన మార్కులకు శాతం కట్టడం. ఫైలు పేరు శాతం.పీవై. దాన్ని ఇలా నడుపుతాం:

పైథాన్ శాతం.పీవై 432 600

432ను 600తో భాగించి 100తో గుణిస్తే 72. ప్రోగ్రాము 72 అని చూపాలి. (ఆజ్ఞలను ఇక్కడ మన లిపిలో రాశాం. కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి సుమా!)

మీరు టైపు చేసిన వాక్యం ముందుగా షెల్ అనే ప్రోగ్రాము చేతికి వెళుతుంది. అది ఖాళీలు ఉన్నచోటల్లా వాక్యాన్ని ముక్కలు చేసి పైథాన్‌కు అందిస్తుంది. పైథాన్ ఆ ముక్కలను వరసగా ఒక జాబితాలో పేర్చి మన ప్రోగ్రాముకు ఇస్తుంది. ఈ జాబితా పేరు సిస్.ఆర్గ్‌వీ. అందులో 0వ స్థానంలో ప్రోగ్రాము పేరు, 1వ స్థానంలో 432, 2వ స్థానంలో 600 ఉంటాయి. మనం ఇచ్చినవి రెండే అయినా జాబితాలో మూడు అంశాలు ఉండటానికి కారణం ఇదే. కొత్తగా నేర్చుకునేవారు దీన్ని మరిచిపోయి లెక్క తప్పుతూంటారు.

అవి సంఖ్యలు కావు!

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. జాబితాలో ఉన్న 432 మన కళ్ళకు సంఖ్యే. పైథాన్‌కు మాత్రం అది నాలుగు, మూడు, రెండు అనే మూడు గుర్తుల వరస మాత్రమే. గుమ్మంమీద రాసిన ఇంటి నంబరు లాంటిది. ఇంటి నంబర్లను ఎవరూ కూడరు గదా!

అలాంటి రెండు అక్షర వరసలను కూడమంటే పైథాన్ వాటిని పక్కపక్కన అతికిస్తుంది. 4, 5 కలిపితే 9 రాదు, 45 వస్తుంది. భాగించమంటే చేతకాదని ఆగిపోతుంది. ఆగిపోతే మంచిదే. ఆగకుండా తప్పు చేసే చోటు ఇంకోటి ఉంది. “వచ్చిన మార్కులు మొత్తం మార్కులకంటే ఎక్కువైతే ఒప్పుకోవద్దు” అని మీరు ఒక షరతు రాశారనుకోండి. 100కు 95 వచ్చిన విద్యార్థిని ఈ ప్రోగ్రాము తిప్పి పంపేస్తుంది! ఎందుచేతనంటే అక్షర వరసలను పైథాన్ నిఘంటువులోని మాటల్లాగా, మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది. 95లో మొదటి గుర్తు 9, 100లో మొదటి గుర్తు 1. 9 పెద్దది గనుక 95 పెద్దది అని తీర్పు చెప్పేస్తుంది.

కాబట్టి ముందుగా అక్షర వరసను సంఖ్యగా మార్చుకోవాలి. పూర్ణాంకాలకు ఇంట్ అనీ, దశాంశాలున్నవాటికి ఫ్లోట్ అనీ రెండు సాధనాలు పైథాన్‌లోనే ఉన్నాయి. ఇంట్‌కు 432 ఇస్తే సంఖ్య వస్తుంది. 43.5 ఇస్తే ఒప్పుకోదు. లక్షను మనం రాసే తీరులో కామాలు పెట్టి 1,00,000 అని ఇచ్చినా ఒప్పుకోదు. పరీక్షకు రానివారికి మార్కుల జాబితాలో రాసే అక్షరాలను ఇచ్చినా అంతే.

ఇక్కడ మన భాషకు సంబంధించిన ఒక ముచ్చట చెప్పాలి. పైథాన్ 3లో ఇంట్‌కు తెలుగు అంకెల్లో ౪౩౨ అని ఇచ్చి చూడండి. 432 అని చక్కగా చదువుతుంది! ప్రపంచ లిపుల గుర్తులన్నిటికీ సంకేతాలు నిర్ణయించిన యూనికోడ్ పట్టికలో తెలుగు అంకెలు కూడా అంకెలుగానే నమోదై ఉండటం దీనికి కారణం. అయితే ఒక తిరకాసు ఉంది. మన సున్నా అంకె, “రంగం”, “పండు” వంటి మాటల్లో రాసే పూర్ణానుస్వారం చూపుకు ఒకేలా ఉంటాయి. పట్టికలో మాత్రం అవి వేరువేరు గుర్తులు. ౬ తరవాత రెండు సున్నాలకు బదులు రెండు అనుస్వారాలు కొడితే పైథాన్ ఒప్పుకోదు. చూసేవారికి తప్పెక్కడుందో అంతుబట్టదు. కంటికి ఒకటిగా కనిపించేవి యంత్రానికి ఒకటి కానక్కరలేదన్నమాట.

నాలుగు జల్లెళ్ళు

అన్నం వండేముందు ఇంట్లో పెద్దవాళ్ళు బియ్యాన్ని చేటలో పోసి రాళ్ళు ఏరతారు. ఎసట్లో పోశాక ఏరలేం. తినేటప్పుడు పంటికింద పడినాక ఏరి లాభం లేదు. ఆర్గ్యుమెంట్ల తనిఖీ కూడా అంతే. ప్రోగ్రాము పని మొదలుపెట్టకముందే జరగాలి. సగం ఫైళ్ళు చెరిపేశాక మూడో ఆర్గ్యుమెంటు బాగా లేదని కనుక్కుంటే ఏం ప్రయోజనం?

మన శాతం ప్రోగ్రాముకు నాలుగు జల్లెళ్ళు చాలు.

మొదటిది లెక్క: ఇవ్వవలసినవి రెండు. ఒకటే ఇచ్చారా? మూడు ఇచ్చారా? ఒకటే ఇస్తే, లేని రెండోదానికోసం వెతికి పైథాన్ గందరగోళమైన సందేశంతో ఆగిపోతుంది. మూడు ఇస్తే మరీ ప్రమాదం. మూడోదాన్ని పట్టించుకోకుండా ముందుకు సాగిపోతుంది.

రెండోది జాతి: ఇచ్చినవి సంఖ్యలేనా?

మూడోది హద్దు: మార్కులు సున్నాకంటే తక్కువ ఉండరాదు. మొత్తం మార్కులు సున్నాకంటే ఎక్కువ ఉండి తీరాలి.

నాలుగోది పొంతన: ఒక్కొక్కటి విడిగా చూస్తే బాగానే ఉండి, రెండూ కలిపి చూస్తే పొసగకపోవచ్చు. 600 మంచి సంఖ్యే, 432 మంచి సంఖ్యే. కాని వాటిని తారుమారుగా ఇస్తే 138.9 శాతం వస్తుంది. అంత తెలివైన విద్యార్థి ఎక్కడా ఉండడు! వచ్చిన మార్కులు మొత్తాన్ని మించరాదన్న షరతు దీన్ని పట్టుకుంటుంది.

మూడో జల్లెడ లేకపోతే ఏమవుతుందో అమెరికా నౌకాదళంవారికి బాగా తెలుసు. 1997 సెప్టెంబరులో యార్క్‌టౌన్ అనే యుద్ధనౌకలో ఒక నావికుడు కంప్యూటరులో ఒక గడిలో సున్నా నింపాడు. అది కమాండ్ లైను కాదుగాని, జబ్బు అదే. ప్రోగ్రాము ఆ సున్నాతో భాగించబోయింది. సున్నాతో భాగించడం కుదరదని మీరు లెక్కల్లో చదువుకున్నారు. ప్రోగ్రాము దెబ్బతిని, నౌకను నడిపే వ్యవస్థ ఆగిపోయింది. అంత పెద్ద ఓడ దాదాపు 2 గంటల 45 నిమిషాలు నడిసముద్రంలో కదలకుండా నిలిచిపోయింది. గడిలో పడ్డ సున్నాను గుమ్మంలోనే ఆపి ఉంటే ఓడ ఆగేది కాదు.

సంఖ్య కాని సంఖ్య

హద్దులు పరీక్షించడంలో ఒక సూక్ష్మం ఉంది. పరీక్షలో అర మార్కులు కూడా ఇస్తారు గనుక మనం ఇంట్‌కు బదులు ఫ్లోట్ వాడామనుకోండి. ఎవరైనా మార్కులకు బదులు ఇంగ్లీషులో ఎన్, ఏ, ఎన్ అనే మూడక్షరాలు కొడితే ఫ్లోట్ తిరస్కరించాలి గదా? తిరస్కరించదు! “సంఖ్య కాదు” అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలకు అది పొట్టిపేరు. దశాంశ సంఖ్యల ప్రమాణంలో దానికొక స్థానం ఉంది. దాన్ని నాన్ అంటారు. మన నాన్నకూ దానికీ చుట్టరికం లేదు. సున్నాను సున్నాతో భాగించడం వంటి అర్థంలేని లెక్కలకు జవాబుగా దాన్ని ఏర్పరచారు.

ఈ నాన్‌కు ఒక వింత గుణం ఉంది. చిన్నదా, పెద్దదా, సమానమా అని దాన్ని దేనితో పోల్చి చూసినా “కాదు” అనే జవాబే వస్తుంది. సున్నాకంటే చిన్నదా? కాదు. 600కంటే పెద్దదా? కాదు. చివరికి తనతో తాను సమానమా? అదీ కాదు!

ఇప్పుడు మన షరతును రెండు విధాలుగా రాద్దాం. ఒకటి: “సున్నాకంటే చిన్నదైనా, మొత్తంకంటే పెద్దదైనా వెనక్కి పంపు.” రెండు: “సున్నా నుంచి మొత్తం వరకు ఉంటేనే లోపలికి రానియ్యి. లేకపోతే వెనక్కి పంపు.” మామూలు సంఖ్యలకు రెండూ ఒకటే. కాని నాన్ వస్తే? మొదటి కాపలాదారు “చిన్నదా?” అంటే కాదు, “పెద్దదా?” అంటే కాదు, కాబట్టి దయచేయమంటాడు. రెండో కాపలాదారు “సున్నా నుంచి మొత్తం వరకు ఉన్నదా?” అని అడిగి, కాదనగానే తలుపు వేస్తాడు.

దీన్నుంచి ఒక పెద్ద సూత్రం తెలుస్తుంది. రాకూడనివాటి జాబితా ఎంత రాసినా పూర్తికాదు. రాదగినవాటిని చెప్పి, మిగిలినవన్నీ వద్దనడమే మేలు. పెళ్ళివారు పిలవవలసినవారి జాబితా రాసుకుంటారు గాని, పిలవకూడనివారి జాబితా రాసుకోరు గదా!

అయినా రెండో కాపలాదారు అన్నీ పట్టుకోలేడు. మొత్తం మార్కుల స్థానంలో “అనంతం” అని అర్థమిచ్చే ఐ, ఎన్, ఎఫ్ అక్షరాలు కొడితే ఫ్లోట్ దాన్నీ ఒప్పుకుంటుంది. అనంతం సున్నాకంటే పెద్దదే. 432 దానికంటే తక్కువే. షరతులన్నీ తీరాయి! 432ను అనంతంతో భాగిస్తే 0 శాతం అని జవాబు వస్తుంది. పాపం, ఆ విద్యార్థి తప్పాడు. అందుచేత మొత్తం మార్కులకు ఒక పై హద్దు కూడా పెట్టాలి.

పనివాడు దొరికాడు

ఇన్ని తనిఖీలు ప్రతి ప్రోగ్రాములోనూ చేత్తో రాయడం విసుగే. అందుకని పైథాన్‌తోపాటే ఆర్గ్‌పార్స్ అనే సాధనం వస్తుంది. ఇది 2010లో వెలువడిన పైథాన్ 2.7 నుంచి ఆ భాష గ్రంథాలయంలో భాగమైంది. మీరు చేయవలసిందల్లా ఏ ఆర్గ్యుమెంటు కావాలో, అది ఏ జాతిదో, తప్పనిసరో కాదో వర్ణించడమే. లెక్క, జాతి అనే రెండు జల్లెళ్ళను ఆర్గ్‌పార్స్ తానే పడుతుంది. ఇన్ని మాటల్లో ఏదో ఒకటే ఉండాలంటే ఆ జాబితా కూడా ఇవ్వవచ్చు. ఉదాహరణకు మాధ్యమం తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూలలో ఒకటి కావాలని చెబితే, నాలుగోది వచ్చినప్పుడు తిప్పికొడుతుంది. ఎవరైనా సహాయం కోరుతూ రెండు అడ్డగీతలు పెట్టి హెల్ప్ అని కొడితే, ప్రోగ్రామును ఎలా వాడాలో తనంతట తానే చెబుతుంది.

ఆర్గ్యుమెంట్లకు పేర్లు పెట్టే వీలు కూడా ఉంది:

పైథాన్ శాతం.పీవై --మొత్తం 600 --మార్కులు 432

పేర్లు ఉన్నాయి గనుక ఏది ముందు ఇచ్చినా ఫరవాలేదు. తారుమారయ్యే భయం తగ్గుతుంది.

అయితే ఆర్గ్‌పార్స్ ఉందని కళ్ళు మూసుకోరాదు. హద్దూ, పొంతనా మీరే చూసుకోవాలి. మార్కులకూ మొత్తానికీ ఉన్న సంబంధం దానికేం తెలుసు? ఇంకో గొయ్యి కూడా ఉంది. ఒక ఆర్గ్యుమెంటును అవును-కాదు జాతిగా, అంటే పైథాన్ భాషలో బూల్‌గా వర్ణిస్తే, “కాదు” అని అర్థమిచ్చే ఫాల్స్ అనే మాట కొట్టినా “అవును” అనే తీసుకుంటుంది! బూల్ దృష్టిలో ఖాళీగా లేని ప్రతి అక్షర వరసా నిజమే. ఆ మాటకు అర్థమేమిటని అది చూడదు. అందుకే అవును-కాదు వివరాలకు విలువ అడగరు. ఆ పేరు కొడితే అవును, కొట్టకపోతే కాదు అనే పద్ధతి పెడతారు.

కాదనడం కూడా ఒక విద్యే

జల్లెడలో రాయి దొరికింది. ఇప్పుడేం చేయాలి? “తప్పు” అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే టైపు చేసినవారికి ఏం తెలుస్తుంది? మంచి సందేశంలో మూడు సంగతులు ఉండాలి: ఏ ఆర్గ్యుమెంటు బాగా లేదు, ఏమి వచ్చింది, ఏమి రావాలి. “మొత్తం మార్కులు: 0 అని ఇచ్చారు. 1 నుంచి 1000 వరకు ఉండాలి” అంటే ఎవరైనా సరిదిద్దుకోగలరు. వచ్చినదాన్ని వచ్చినట్టే చూపడం చాలా ముఖ్యం. ఇందాకటి అనుస్వారం వంటివి అప్పుడే బయటపడతాయి.

మనుషులకు చెప్పడంతో పని తీరలేదు. తోటి ప్రోగ్రాములకు కూడా చెప్పాలి. ప్రతి ప్రోగ్రామూ ముగిసేటప్పుడు ఒక సంఖ్యను వదిలిపోతుంది. 0 అయితే పని సవ్యంగా జరిగిందని అర్థం. మరే సంఖ్య అయినా జరగలేదని అర్థం. ఆర్గ్యుమెంట్లు బాగా లేనప్పుడు ఆర్గ్‌పార్స్ 2ను వదులుతుంది.

దీనివల్ల లాభం ఏమిటి? “ఫైళ్ళకు నకలు తీయి. అది సవ్యంగా జరిగితే పాతవాటిని చెరిపెయ్యి” అని రెండు ఆజ్ఞలను గొలుసుగా కలిపి ఇవ్వవచ్చు. నకలు తీసే ప్రోగ్రాముకు తప్పు ఆర్గ్యుమెంటు అందింది. “తప్పు, తప్పు” అని అది తెరమీద అరిచి, చివరికి 0 వదిలి వెళ్ళిపోయిందనుకోండి. రెండో ప్రోగ్రాము తెరమీద ఏముందో చదవదు. 0 చూసి, నకలు భద్రంగా ఉందనుకుని అసలు ఫైళ్ళను చెరిపేస్తుంది. ఉన్నదీ పోతుంది, ఉంచుకున్నదీ పోతుంది!

ఒక్క ఖాళీ ఎంత పని చేసింది!

తనిఖీకి అసలు అందని తప్పులు కూడా ఉన్నాయి. షెల్ ఖాళీల దగ్గర వాక్యాన్ని ముక్కలు చేస్తుందని చెప్పుకున్నాం. ఫైలు పేరు “పదో తరగతి” అయితే మన ప్రోగ్రాముకు “పదో” ఒకటి, “తరగతి” ఒకటి, రెండు ఆర్గ్యుమెంట్లుగా అందుతాయి. పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెడితేనే ఒకటిగా ఉంటుంది.

నక్షత్రం గుర్తు ఇంకా గడుసుది. యూనిక్స్ జాతి వ్యవస్థల్లో నక్షత్రం కొడితే షెల్ దాన్ని తీసేసి, సరిపోయే ఫైళ్ళ పేర్లన్నీ అక్కడ రాసి ప్రోగ్రాముకు ఇస్తుంది. నక్షత్రం పక్కనే చుక్క పెట్టి టీఎక్స్‌టీ అని కొడితే, ఆ తోక ఉన్న ఫైళ్ళన్నీ అని అర్థం. చెరిపేసే ఆజ్ఞకు ఇలా చెప్పబోయి, నక్షత్రానికీ చుక్కకూ మధ్య పొరపాటున ఒక్క ఖాళీ పడితే? నక్షత్రం ఒక ఆర్గ్యుమెంటు, తోక ఇంకో ఆర్గ్యుమెంటు అవుతాయి. ఒంటరి నక్షత్రానికి మామూలు ఫైళ్ళన్నీ సరిపోతాయి. అన్నీ చెరిగిపోతాయి. ఆ తరవాత “ఆ తోక పేరుగల ఫైలు కనబడలేదు” అని ప్రోగ్రాము తాపీగా ఫిర్యాదు చేస్తుంది. చెరిపే ప్రోగ్రాముకు అందినవి నిజమైన ఫైళ్ళ పేర్లే. మనిషి కొట్టిన నక్షత్రం దాని కంటపడనే లేదు. మరి దేన్నని తప్పుపడుతుంది?

జల్లెడకు అందనివి

432కు బదులు 423 కొడితే మన నాలుగు జల్లెళ్ళూ దాన్ని పట్టుకోలేవు. 423 కూడా సంఖ్యే, హద్దులోనే ఉంది, పొంతనగానే ఉంది. ఈ సందేహం ఈనాటిది కాదు. కంప్యూటరుకు ముత్తాత అనదగిన లెక్కల యంత్రాన్ని ఊహించిన ఇంగ్లండు శాస్త్రవేత్త చార్లెస్ బాబేజ్ దీన్ని గురించి 1864లో వెలువడిన తన జ్ఞాపకాల పుస్తకంలో రాశాడు. యంత్రంలో తప్పు అంకెలు వేస్తే ఒప్పు జవాబులు వస్తాయా అని పార్లమెంటు ఎగువసభ సభ్యుడొకరూ, దిగువసభ సభ్యుడొకరూ ఆయనను అడిగారట. ఇలాంటి ప్రశ్న ఎలా పుడుతుందో ఆయనకు అర్థం కాలేదు.

ఒప్పు జవాబు రాదు, నిజమే. కాని తప్పు అంకె వల్ల కలిగే నష్టాన్ని తగ్గించవచ్చు. అందుకు మూడు ఉపాయాలు ఉన్నాయి. చెయ్యబోయే పనిని ముందుగా చెప్పి “సరేనా?” అని అడగడం ఒకటి. “17 ఫైళ్ళు చెరిపేస్తున్నాను” అంటే 2 అనుకున్న మనిషి ఉలిక్కిపడతాడు. రెండోది ఉత్తుత్తి పరుగు. నిజంగా ఏమీ చెయ్యకుండా, ఏమేమి చేస్తుందో మాత్రం రాసి చూపించమనడం. మూడోది, ఏ ఆర్గ్యుమెంటు వచ్చినా సరే దాటకూడని గీత ఒకటి గీసి ఉంచడం.

అమెజాన్ వారు చేసింది ఈ మూడోదే. ఆ సంఘటన తరవాత వారు ఆ సాధనాన్ని మార్చారు. కంప్యూటర్లను అది అంతకుముందుకంటే నెమ్మదిగా తప్పిస్తుంది. ఏ భాగానికైనా కనీసం ఇన్ని ఉండాలన్న సంఖ్య కిందికి వెళ్ళేటట్టయితే ఒప్పుకోదు. వచ్చిన సంఖ్య సంఖ్యేనా అని మాత్రం చూస్తే చాలదు. దాన్ని పాటిస్తే లోకంలో ఏం జరుగుతుందో కూడా చూడాలి. ఆ ఉద్యోగి ఇకమీదట జాగ్రత్తగా టైపు చెయ్యాలని మందలించి ఊరుకుంటే, రేపు మరొకరి వేలు జారేది. మనుషుల వేళ్ళు జారుతూనే ఉంటాయి. జారినా ప్రమాదం రాకుండా చూడటమే ప్రోగ్రాము రాసేవారి బాధ్యత.

మీరే చేసి చూడండి

మీ బడిలోని కంప్యూటరులో పైథాన్ ఉంటే శాతం ప్రోగ్రాము రాయండి. తరవాత దాన్ని మీ స్నేహితుల చేతికిచ్చి, ఎలాగైనా తికమక పెట్టమనండి. వారు ఈ కింది వాటిని ప్రయత్నించవచ్చు.

1. ఆర్గ్యుమెంట్లు అసలు ఇవ్వకుండా నడపడం. మూడు ఇచ్చి నడపడం.

2. మొత్తం మార్కులు 0 ఇవ్వడం.

3. 600 ముందు, 432 తరవాత ఇవ్వడం.

4. తెలుగు అంకెల్లో ఇవ్వడం. ఒక సున్నాకు బదులు అనుస్వారం పెట్టడం.

5. నాన్ అనీ, అనంతం అనీ ఇంగ్లీషు పొట్టి అక్షరాల్లో ఇవ్వడం.

6. కొటేషన్ గుర్తుల మధ్య ఏమీ లేకుండా, ఖాళీ మాట ఇవ్వడం.

ప్రతిసారీ ప్రోగ్రాము ఏ సందేశం చూపిందో, ఏ సంఖ్యను వదిలి ముగిసిందో ఒక కాగితంమీద రాసుకోండి. (వదిలిన సంఖ్యను చూడాలంటే, లినక్స్‌లో ఎకో అని కొట్టి ఒక ఖాళీ విడిచి, డాలరు గుర్తునూ ప్రశ్న గుర్తునూ పక్కపక్కనే కొట్టండి.) ఆరింటిలో ఎన్నిటిని మీ ప్రోగ్రాము గుమ్మంలోనే ఆపింది? తెలుగు అంకెలను ఆపాలా, రానివ్వాలా? దీనికి ఒకటే జవాబంటూ లేదు. మీ ప్రోగ్రామును ఎవరు వాడతారో ఆలోచించి మీరే నిర్ణయించండి. ఏది నిర్ణయించినా, లోపలికి రానిచ్చిన ప్రతి మాటకూ ఆ తరవాత జవాబుదారులు మీరే!